కొత్త ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌ను ఇంటికి తీసుకురావడం: తొలి ప్రయాణంలో బండిని అర్థం చేసుకునే పద్ధతి

వ్యవసాయ భూములున్నవారు, ఏజెన్సీ ప్రాంతాలలో ఉద్యోగాలు చేసేవారు, కొండదారులలో తిరగడమంటే మక్కువ ఉన్నవారు ఈ మధ్య కారుకు బదులుగా, వెనక తొట్టి ఉండి నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ కొనడానికి ముందుకు వస్తున్నారు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కర్మాగారంలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 2022లో మన దేశపు మార్కెట్‌లోకి వచ్చిన టయోటా హైలక్స్ ఈ తరగతిలో తరచుగా కనిపించే బండ్లు. కోరుకున్న రంగు, కోరుకున్న వేరియంట్ చిన్న పట్టణాలలో దొరకడం కష్టం కనుక చాలామంది హైదరాబాదులోనో విజయవాడలోనో డెలివరీ తీసుకుని, అదే రోజు వందల కిలోమీటర్లు నడుపుకుంటూ ఊరికి చేరుకుంటారు. హైదరాబాదులో కొని నర్సీపట్నం వరకు తీసుకురావడాన్ని ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నాను. సూర్యాపేట, విజయవాడ, రావులపాలెం, అన్నవరం, తుని మీదుగా సాగే ఈ దారి 550 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. బండి గుణగణాలన్నీ తెలుసుకోవడానికి సరిపడినంత దూరమిది.

మొదటి రోజున బండి గురించి మనకు కలిగే అభిప్రాయాలు మూడు రకాలుగా ఉంటాయని నా నమ్మకం. కొన్ని కొత్తదనం వల్ల కలిగేవి, అవి కొద్ది రోజులలో వాటంతట అవే పోతాయి. కొన్ని ఆ బండి సహజ స్వభావం, వాటికి మనం అలవాటు పడవలసిందే. మిగిలినవి నిజమైన లోపాలు, వాటిని వెంటనే షోరూమ్‌వారి దృష్టికి తీసుకువెళ్లాలి. ఈ మూడింటినీ వేరు చేసి చూడలేకపోతే స్వభావాన్ని లోపమనుకుని సర్వీసు సెంటర్ చుట్టూ తిరగడమో, లోపాన్ని స్వభావమనుకుని సర్దుకుపోవడమో జరుగుతుంది. తొలి ప్రయాణంలో బండి సత్తాను పరీక్షించాలన్న ఉత్సాహాన్ని పక్కన పెట్టి, అది ఎలా ఉందో శ్రద్ధగా గమనించడమే ఆ రోజు మనం చేయవలసిన పని.

డెలివరీ రోజుకు ముందే చూడవలసినవి

బండిని షోరూమ్ లైట్ల వెలుగులో కాక, స్టాక్ యార్డులో పగటి వెలుతురులో, వీలైతే డబ్బు పూర్తిగా చెల్లించడానికి ముందే చూడాలి. ఛాసిస్ నంబరు ప్లేటు మీద ఉన్న నంబరు ఇన్‌వాయిస్‌లోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. టైరు పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. ఉదాహరణకు 2325 అని ఉంటే అది 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ స్టెప్నీ కూడా దాదాపు ఒకే కాలానికి చెందినవిగా ఉండాలి. పికప్‌లలో స్టెప్నీ వెనక తొట్టి కింద ఛాసిస్‌కు వేలాడుతూ ఉంటుంది, దాన్ని గొలుసుతోనో వైరుతోనో కిందికి దించాలి. ఆ దించే పనిని యార్డులోనే ఒకసారి చేయించి చూడడం చాలా అవసరం. జాకీ రాడ్డు ఎక్కడ ఉంది, దాన్ని ఏ రంధ్రంలోకి దూర్చాలి, ఎటు తిప్పాలి అనేవి రాత్రి పూట హైవే పక్కన వానలో నేర్చుకునే విషయాలు కావు.

తొట్టి లోపలి పెయింటు, టెయిల్‌గేటు మూతపడే తీరు, రెండు తాళాలు, అద్దాల మీద గీతలు వంటివి ఎవరైనా చూస్తారు. చాలామంది చూడనిది బండి అడుగుభాగం. ఒక పాత గోనెసంచీ పరుచుకుని, టార్చి పట్టుకుని, ముందు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె), గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) అనే నాలుగు చోట్లా నూనె తడి ఉందేమో చూడాలి. వీటిలో ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు మామూలు కారుకు విడి భాగాలుగా ఉండవు కనుక కార్లకు అలవాటుపడిన కళ్లు వాటిని వెతకవు. తరువాత యార్డులో మట్టి నేల ఉన్నచోట బండిని నిలిపి, 2హెచ్ (వెనక రెండు చక్రాలకే శక్తి అందే స్థితి) నుంచి 4హెచ్‌కు (నాలుగు చక్రాలకూ శక్తి అందే, మామూలు వేగపు స్థితి), ఆపైన న్యూట్రల్‌లో ఉంచి 4ఎల్‌కు (నాలుగు చక్రాలకూ శక్తి అందే, వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే స్థితి) మార్పించి, మీటరులో ఆయా గుర్తులు మెరవడం ఆగి స్థిరంగా వెలుగుతున్నాయో లేదో చూడాలి. గుర్తు మెరుస్తూనే ఉంటే మార్పిడి పూర్తికాలేదని అర్థం. నాలుగడుగులు ముందుకో వెనక్కో కదిపితే సాధారణంగా పడుతుంది, అప్పటికీ పడకపోతే ఆ బండిని అక్కడి నుంచి కదలనివ్వకూడదు.

కాగితాల విషయంలో పికప్‌కు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇదే ఆకారంలో సరుకు రవాణాకు వాడే బండ్లు కూడా ఉన్నందువల్ల, వాహన తరగతి సొంత వాడకానికి సంబంధించినదిగా నమోదైందో లేదో తాత్కాలిక రిజిస్ట్రేషన్ పత్రంలోనూ బీమా పాలసీలోనూ చదివి నిర్ధారించుకోవాలి. ఫాస్టాగ్ కూడా అంతే. కారు, జీపు, వ్యానులకు 4వ తరగతి ట్యాగు, తేలికపాటి సరుకు రవాణా వాహనాలకు 5వ తరగతి ట్యాగు ఉంటాయి. పికప్ ఆకారాన్ని చూసి ఎవరైనా 5వ తరగతి ట్యాగు అంటిస్తే, విజయవాడ చేరేలోగా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు మూడింటి దగ్గరా ఎక్కువ రుసుము కోతపడుతుంది. దాన్ని తరువాత సరిచేయించుకోవడం శ్రమతో కూడిన పని. తెలంగాణలో కొని ఆంధ్రప్రదేశ్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకునేవారు, జీవిత పన్ను ఎక్కడ కట్టాలో షోరూమ్‌తోనూ సొంత జిల్లా రవాణా కార్యాలయంతోనూ ముందే మాట్లాడుకుని, అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21ని, రోడ్డు యోగ్యతను తెలిపే ఫారం 22ని అసలు ప్రతులుగా చేతికి తీసుకోవాలి.

మొదట గాలి, తరువాతే ప్రయాణం

కొత్త పికప్ ఎక్కిన మొదటి గంటలో చాలామంది అనే మాట ఒక్కటే: బండి చాలా గట్టిగా ఉంది, చిన్న గుంతకు కూడా ఎగిరి పడుతోంది. ఈ మాటలో సగానికి కారణం టైర్లలోని గాలి. కర్మాగారం నుంచి బయలుదేరిన బండి వారాలు, ఒక్కోసారి నెలలు, ఒకే చోట నిలబడి ఉంటుంది కాబట్టి టైర్లు ఒకవైపు చదునెక్కకుండా గాలిని మోతాదుకు మించి నింపుతారు. డెలివరీ హడావుడిలో దాన్ని తగ్గించడం మరచిపోవడం మామూలే. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది, అందులో ఖాళీ బండికి, నిండు బరువుకు, ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరుగా అంకెలు ఉంటాయి. ఆ అంకెలే ప్రమాణం. పెట్రోలు బంకులోని అబ్బాయి అలవాటు కొద్దీ చెప్పే అంకెను గానీ, టైరు పక్కగోడ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితిని గానీ పట్టించుకోకూడదు.

టైరు గాలి ఒత్తిడిని కొలిచే ఒక మంచి గేజి కొని బండిలోనే ఉంచుకోవడం, పికప్ యజమాని చేయవలసిన మొదటి ఖర్చు. యార్డు నుంచి బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మూత తీసి గేజిని నిటారుగా నొక్కిపెట్టి చూడాలి. పక్కకు వంచితే గాలి చీదుతూ బయటికి పోయి ముల్లు తప్పు చూపిస్తుంది. స్టిక్కరు 30 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ప్రాంతంలో అడుగుతుండగా గేజి 45 చూపించిందంటే, ఆ తేడాను తొలగించిన తరువాత అదే గుంత మీద అదే బండి మరో బండిలా నడుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలు నడిపిన తరువాత గాలి కొలిస్తే నాలుగైదు పి.ఎస్.ఐ. ఎక్కువగా కనిపించడం సహజం. అది వేడి వల్ల పెరిగిన ఒత్తిడి, దాన్ని తగ్గించకూడదు. నైట్రోజన్ నింపుతామని కొందరు అదనంగా డబ్బు అడుగుతారు గానీ మామూలు గాలిని పక్షానికొకసారి సరిచూసుకునే వారికి దాని అవసరం లేదు.

బండి స్వభావం

గాలి సరిచేసిన తరువాత మిగిలే ఎగుడుదిగుడు కుదుపు, ముఖ్యంగా వెనక భాగంలోది, బండి స్వభావానికి చెందినది. ఈ పికప్‌లకు వెనకవైపు కాయిల్ స్ప్రింగులకు బదులు, లారీలకు ఉన్నట్టే కమాన్ కట్టలు ఉంటాయి. వందల కిలోల బరువు మోయడానికి లెక్కవేసి కూర్చిన ఆ ఉక్కు పట్టీలు, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వంగడానికి తగినంత బరువు లేక, రోడ్డు మీది ప్రతి అతుకునూ పైకి పంపుతాయి. హైవే మీద వంతెనల దగ్గర ఎక్స్‌పాన్షన్ జాయింట్లు (వంతెన పలకల మధ్య అతుకులు) దాటినప్పుడు ముందు చక్రాలు మెత్తగా దాటడం, ఆ వెంటనే వెనక చక్రాలు గట్టిగా కొట్టడం స్పష్టంగా తెలుస్తుంది. సిద్ధాంతం అనే ఊరి వద్ద గోదావరి పాయ వశిష్ఠ మీద, జొన్నాడ వద్ద మరో పాయ గౌతమి మీద ఉన్న పొడవాటి వంతెనల పైన ఈ తేడాను గమనించడానికి మంచి అవకాశం దొరుకుతుంది. రెండు దెబ్బలూ నిటారుగా పైకి వచ్చి వెంటనే సద్దుమణిగితే అది స్వభావం. వెనక భాగం పక్కకు జరిగినట్టు అనిపించినా, లోహం లోహానికి తగిలిన చప్పుడు వినిపించినా అది లోపం.

వెనక సీటులో పెద్దవాళ్లు ఉంటే వారి మాటకు విలువ ఇవ్వాలి. పికప్‌ల వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, వెనక తొట్టి గోడ ఉండడం వల్ల దాన్ని వాల్చడానికి చోటు లేదు. నడుము నొప్పి ఉన్న అమ్మానాన్నలను మొదటి ప్రయాణంలోనే 550 కిలోమీటర్లు అందులో కూర్చోబెట్టడం సమంజసం కాదు. ఒకవేళ వారు తప్పక రావలసి ఉంటే ఒకరిని ముందు సీటులో కూర్చోబెట్టి, ప్రతి రెండు గంటలకూ ఆపాలి.

స్టీరింగు రెండవ విషయం. ఎలక్ట్రిక్ స్టీరింగు ఉన్న చిన్న కారు నుంచి వచ్చేవారికి వి-క్రాస్, హైలక్స్‌లలోని హైడ్రాలిక్ స్టీరింగు పార్కింగులో బరువుగా తోస్తుంది. వేగం పెరిగాక ఆ బరువే నమ్మకాన్ని కలిగిస్తుంది. కానీ తిన్నని రోడ్డు మీద, టైర్లలో గాలి సమంగా ఉండగా, చేతులు వదులు చేస్తే బండి ఒకే వైపుకు లాగుతుంటే అది అలైన్‌మెంట్ లోపం, అంటే చక్రాలు సరైన దిశలో అమరకపోవడం. మన రోడ్లు నీరు జారడానికి ఎడమవైపుకు వాలుగా ఉంటాయి కనుక కొద్దిగా ఎడమకు జరగడాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, కుడికి లాగితే మాత్రం అనుమానించవలసిందే.

పొడవు విషయానికి వస్తే, ఇవి 5.3 మీటర్ల బండ్లు, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 3 మీటర్ల పైన దూరం ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిలో నడవక లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది. పల్లె వీధి మలుపులలో అరుగుల అంచులు, మురుగుకాలువల గట్లు ఈ వెనక చక్రానికే తగులుతాయి. కాబట్టి మలుపులోకి కొంత ముందుకు వెళ్లాకే స్టీరింగు తిప్పడం, అద్దంలో వెనక చక్రాన్ని చూసుకుంటూ పోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. హోటల్ ముందు నిలిపేటప్పుడు తోక భాగం రోడ్డు మీదికి పొడుచుకుని వస్తుందేమో దిగి చూడడం కూడా మంచిది.

ఇంజన్‌ను కుదురుకోనివ్వడం

కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండరు గోడలతో చక్కగా కుదురుకోవాలంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు మారుతూ ఉండే వేగం, మధ్యస్థమైన లోడు అవసరం. టయోటా యజమానుల పుస్తకాలు మొదటి 300 కిలోమీటర్లలో అకస్మాత్తుగా బ్రేకు వేయవద్దని, 800 కిలోమీటర్ల వరకు ట్రెయిలర్ వంటివి లాగవద్దని, 1,000 కిలోమీటర్ల వరకు అతివేగాన్ని, ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కడాన్ని, ఎక్కువసేపు ఒకే వేగంతో నడపడాన్ని మానుకోవాలని చెబుతాయి. ఇతర కంపెనీల సూచనలు కూడా ఇంచుమించు ఇదే ధోరణిలో ఉంటాయి. ఇక్కడ హైవే ప్రయాణానికి ఉన్న ప్రమాదం ఒకే వేగం. సూర్యాపేట దాటాక రోడ్డు ఖాళీగా కనిపించగానే క్రూయిజ్ కంట్రోల్ (బండి వేగాన్ని తనంతట తానే ఒకేలా ఉంచే సదుపాయం) పెట్టి కాళ్లు చాపుకోవాలనిపిస్తుంది. దాని బదులు పదేసి నిమిషాలకు ఒకసారి వేగాన్ని 70, 80, 90 మధ్య మారుస్తూ, అప్పుడప్పుడు ఒక గేరు తగ్గించి ఇంజన్ బ్రేకింగుతో నెమ్మదించడం ఇంజన్‌కు మేలు చేస్తుంది.

అతి తక్కువ ఆర్.పి.ఎం. (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పెద్ద గేరులో ఈడ్చడం కూడా అంతే హానికరం. వి-క్రాస్‌లోని 1.9 లీటర్ డీజిల్ ఇంజన్ తన 360 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను (తిప్పే బలాన్ని) 2,000 ఆర్.పి.ఎం. తరువాతే ఇస్తుంది. దానికి చాలా కింద, ఆరవ గేరులో, ఎదురుగాలికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే టర్బో (ఇంజన్‌లోకి అదనపు గాలిని తోసే పరికరం) స్పందించక ఇంజన్ గుడగుడమంటూ వణుకుతుంది. అటువంటప్పుడు ఆలోచించకుండా ఒక గేరు తగ్గించాలి. హైలక్స్‌లోని 2.8 లీటర్ ఇంజన్‌కు బలం ఎక్కువ కనుక ఈ ఇబ్బంది తక్కువగా కనిపిస్తుంది గానీ సూత్రం మారదు.

మొదటి రోజున కలవరపెట్టే వాసనలు, చప్పుళ్లు కొన్ని ఉంటాయి. సైలెన్సరు గొట్టాల మీది రక్షణ పూత కాలడం వల్ల వచ్చే వాసన కొద్ది రోజులలో పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 కాలుష్య నియంత్రణ ప్రమాణాల కోసం డీజిల్ బండ్లకు మసిని పట్టి ఉంచే ఫిల్టరు అమర్చారు. అది నిండినప్పుడు ఇంజన్ తనంతట తాను పొగ ఉష్ణోగ్రతను సుమారు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చివేస్తుంది. ఆ సమయంలో ఐడిలింగ్ (బండి నిలిచి ఉండగా ఇంజన్ తిరిగే వేగం) పెరగడం, మైలేజి తగ్గడం, బండి ఆపేశాక కూడా ఫ్యాను తిరుగుతూ ఉండడం సహజమే. హైవే ప్రయాణం ఆ ఫిల్టరుకు నిజానికి మంచిదే.

కానీ ఆ వేడి నుంచి ఒక ప్రమాదం ఉంది. గోదావరి జిల్లాలలో కోతల కాలంలో సర్వీసు రోడ్ల మీద వడ్లు ఆరబోయడం, ఎండుగడ్డి పరచడం మామూలు దృశ్యం. ఎత్తు ఉంది కదా అని ఆ గడ్డి మీదుగా నడిపినా, దాని మీద నిలిపినా, అడుగున చిక్కుకున్న గడ్డి వేడి గొట్టానికి తగిలి అంటుకునే ప్రమాదం ఉంది. గడ్డి దాటవలసి వస్తే కొంత దూరం వెళ్లాక ఆపి, వంగి అడుగుభాగాన్ని చూసి, ఇరుక్కున్నది కర్రతో లాగివేయాలి.

ఖాళీ తొట్టి, వాన రోడ్డు

ఖాళీ పికప్ బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీద ఉంటుంది. వెనక తేలికగా ఉండడం, 2హెచ్‌లో చోదక శక్తి అంతా ఆ తేలికైన వెనక చక్రాలకే పోవడం అనే రెండు కారణాలు కలిసి, తొలకరి వానకు తడిసిన రోడ్డు మీద వెనక భాగం జారే అవకాశాన్ని పెంచుతాయి. వాన మొదలైన మొదటి పావుగంటలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగురుగా మారుతాయి. అప్పుడు వేగం తగ్గించి, మలుపులో యాక్సిలరేటరు తొక్కకుండా మలుపు పూర్తయ్యాక తొక్కాలి. బండి పక్కకు జారకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ సహాయపడుతుంది, అయితే దాన్ని నమ్ముకుని నడపకూడదు.

తొట్టిలో కొంత బరువు పెడితే నడక మెరుగవుతుందని కొందరు ఇసుక బస్తాలు వేసుకుంటారు. వేసేటట్లయితే వాటిని టెయిల్‌గేటు దగ్గర కాక, వెనక యాక్సిల్ మీదికి వచ్చేలా పెట్టి, కొక్కేలకు తాడుతో గట్టిగా కట్టాలి. సామాను సంచులను విడిగా పడేయకూడదు. క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతూ తేలికైన వస్తువులను పైకి లేపి రోడ్డు మీదికి విసురుతుంది, వెనక వచ్చే మోటారు సైకిలు మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. అదే సుడి దుమ్మును తొట్టిలోకి లాగుతుంది కనుక బట్టల సంచులను మందమైన ప్లాస్టిక్ కవరులో చుట్టడం అవసరం.

పూజ చేయించేటప్పుడు

ఈ దారిలో వచ్చే కొత్త బండ్లలో అధిక భాగం అన్నవరం సత్యదేవుని కొండ దిగువన గానీ, తుని దగ్గరి తలుపులమ్మ లోవలో గానీ ఆగుతాయి. పూజ మన సంప్రదాయం, దాన్ని శ్రద్ధగా చేయించుకోవాలి. అయితే నేటి బండ్ల ముందు భాగంలో రేడియేటర్‌తో పాటు సెన్సర్లు, కెమెరాలు ఉంటాయి. పసుపు, కుంకుమ, గంధం వాటి మీద పడకుండా బానెట్ మీద బొట్లు పెట్టమని పూజారిగారిని ముందే కోరితే వారు సంతోషంగా అలాగే చేస్తారు. గ్రిల్లుకు అడ్డంగా కట్టిన నిండు బంతిపూల దండ రేడియేటర్‌కు వెళ్లే గాలిని ఆపుతుంది, తెగిన రేకులు ఏసీ కండెన్సరులో చిక్కుకుంటాయి. అందువల్ల బయలుదేరే ముందు దండను తీసి క్యాబిన్ లోపల పెట్టుకోవాలి. కొబ్బరికాయను బంపరు మీద కాక నేల మీద కొట్టాలి. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు బండి ముందు పిల్లలు లేకుండా చూడాలి, ఎత్తైన బానెట్ ముందు నిలబడిన చిన్నపిల్లలు డ్రైవరు సీటు నుంచి కనిపించరు.

తారు రోడ్డు దిగిన తరువాత

ఇంటికి చేరగానే కొండ ఎక్కాలన్న కోరిక కలుగుతుంది. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా లంబసింగి వెళ్లే ఘాట్ రోడ్డు చేరువలోనే ఉంది. అది తారు రోడ్డు కనుక అక్కడ 2హెచ్ చాలు. ఈ బండ్లలోని ఫోర్‌వీల్ డ్రైవ్ పార్ట్‌టైమ్ రకానికి చెందినది. 4హెచ్ వేసినప్పుడు ముందు, వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరిగేలా బంధింపబడతాయి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద చాపం మీద ప్రయాణిస్తాయి కనుక వాటి వేగాలు వేరుగా ఉండి తీరాలి. మట్టిలో, గులకరాళ్లలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద చక్రం జారదు, దాంతో ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పేరుకుంటుంది. స్టీరింగు బిగుసుకోవడం, బండి కుదుపులతో కదలడం దాని లక్షణాలు. వాటిని చూసి బండిలో లోపం ఉందనుకోకుండా, వెంటనే 2హెచ్‌కు మార్చి, తిన్నగా కొంత దూరం నడపాలి.

ఫోర్‌వీల్ డ్రైవ్‌ను నేర్చుకోవడానికి కోత అయిపోయిన పొలం గట్టు పక్క బండిబాట, లేదా జీడిమామిడి తోటలోని మట్టిదారి సరిపోతుంది. తిన్నని దారిలో మెల్లగా నడుస్తూ 4హెచ్‌కు మార్చాలి. 4ఎల్‌కు మాత్రం పూర్తిగా ఆగి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. 4ఎల్‌లో మొదటి గేరు వేసి, చిన్న దిగుడులో బ్రేకు మీద నుంచి కాలు మెల్లగా తీస్తే, ఇంజనే బండిని పట్టి మనిషి నడక కంటే నెమ్మదిగా దించడం అనుభవంలోకి వస్తుంది. ఆ సమయంలో క్లచ్ తొక్కకూడదు, తొక్కితే ఆ పట్టు పోయి బండి ఒక్కసారిగా జారుతుంది. నాకు ఈ పికప్‌లలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ 4ఎల్ దిగుడే, ఎక్కడం కంటే దిగడంలోనే ఏజెన్సీ దారులు మనిషిని పరీక్షిస్తాయి. వెనక డిఫరెన్షియల్ లాక్ (వెనక రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే సదుపాయం) ఉన్న హైలక్స్ వంటి బండిలో ఆ లాక్‌ను ఒక చక్రం గాలిలో తిరిగే పరిస్థితికి మాత్రమే అట్టిపెట్టుకుని, బయటపడగానే తీసివేయాలి.

నీటి విషయంలో అంకెలను చూసి మోసపోకూడదు. హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగలదని కంపెనీ చెబుతుంది, అది నిలకడగా ఉన్న నీటికి, గట్టి అడుగుకు వర్తించే మాట. వానాకాలంలో మన్యం గెడ్డలు గంటలో పొంగుతాయి, మోకాలి లోతు ప్రవాహం కూడా రెండు టన్నుల బండిని పక్కకు నెట్టగలదు. కాలినడకన దాటడానికి వెనకాడే చోట బండిని దించకూడదు. సముద్రపు ఒడ్డున ఇసుకలో నడపడం కూడా కొత్త బండికి తగినది కాదు, ఉప్పునీరు చేరని మూల ఛాసిస్‌లో ఉండదు.

ఇల్లు చేరిన తరువాతి పనులు

మరునాడు ఉదయం, ఇంజన్ చల్లబడి ఉన్నప్పుడు, బండిని కదపకముందే దాని కింద నేలను చూడాలి. ముందు భాగంలో ఎడమ పక్కన నీటి చుక్కలుంటే అవి ఏసీవి. నూనె చుక్క ఏ రంగులో ఉన్నా ఫొటో తీసి షోరూమ్‌కు పంపాలి. డిప్‌స్టిక్ తీసి ఇంజన్ ఆయిల్ మట్టం, రిజర్వాయరులో కూలెంట్ మట్టం గుర్తు పెట్టుకోవాలి. దారిలో ఎక్కడైనా చక్రం విప్పి బిగించినట్లయితే నట్లను టార్క్ రెంచితో (ఎంత బిగువుతో బిగిస్తున్నామో కొలిచే రెంచి) మళ్లీ సరిచూడాలి.

తరువాత ఒక నోటుబుక్కు తీసుకుని, ప్రయాణంలో గమనించినవన్నీ వేగంతో, పరిస్థితితో సహా రాయాలి. "వణుకుతోంది" అని చెబితే సర్వీసువారు ఏమీ కనిపెట్టలేరు. 80 నుంచి 90 మధ్య మాత్రమే స్టీరింగు వణుకుతోందని చెబితే వీల్ బ్యాలెన్సింగు చూస్తారు, బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణుకుతోందని చెబితే డిస్కులు చూస్తారు, బయలుదేరేటప్పుడు మాత్రమే కుదుపు వస్తోందంటే ప్రొపెల్లర్ షాఫ్టు (వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే కడ్డీ) చూస్తారు. మైలేజిని మీటరు చూపే అంకెతో కాక, ట్యాంకు నిండుగా పోయించి, నడిపి, మళ్లీ నిండుగా పోయించి లెక్కించాలి. మొదటి వేల కిలోమీటర్ల అంకెతో నిరుత్సాహపడనక్కరలేదు, ఇంజన్ కుదురుకున్నాక అది కొంత మెరుగవుతుంది.

బండి రాగానే ముందు ఇనుప గార్డు, పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్ అమర్చుకోవాలన్న ఉబలాటం సహజమే. అయితే ఇనుప గార్డులను నిషేధిస్తూ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే ఆదేశాలిచ్చింది. ఢీకొన్నప్పుడు అవి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపి, ఎయిర్‌బ్యాగుల పనికి అడ్డుపడతాయి, పాదచారులకు మరింత గాయం చేస్తాయి. మిగిలిన మార్పులు వారంటీని, బీమాను దెబ్బతీయగలవు. కొన్ని నెలలు ఉన్నదున్నట్టుగా నడిపితే నిజంగా ఏది అవసరమో తెలుస్తుంది. ఆ కాలంలో నెలకొకసారి మట్టిదారిలో పది, పదిహేను కిలోమీటర్లు 4హెచ్‌లో నడపడం మరవకూడదు. వాడని ముందు డిఫరెన్షియల్ గేర్లకు, సీళ్లకు నూనె అందేది అప్పుడే.

మొదటి సర్వీసుకు ఇచ్చేటప్పుడు, ఆయిల్ సంగతి వారే చూసుకుంటారు గానీ, కమాన్ కట్టలను యాక్సిల్‌కు బిగించి ఉంచే యు-బోల్టులను టార్క్ రెంచితో బిగించి చూడమని జాబ్ కార్డు మీద రాయించాలి. కొత్త పట్టీలు బరువుకు సర్దుకునే కొద్దీ ఆ బోల్టులు కొంత వదులవుతాయి. అవి వదులైతే యాక్సిల్ తన స్థానం నుంచి స్వల్పంగా జరిగి, బండి తిన్నగా నడవడం మానుతుంది, లోపలి సెంటర్ బోల్టు తెగే ప్రమాదమూ ఉంది. మెకానిక్ ఆ పని చేస్తుండగా పక్కన నిలబడి నాలుగు బోల్టుల ఎనిమిది నట్లనూ చూడడానికి షోరూమ్‌వారి అనుమతి అడగాలి. చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు.